అత్త పేరు పలకడానికి లైసెన్సు

నాకు చర్చిలో ప్రసంగం చేయడానికి లైసెన్సు ఉంది. బండి లైసెన్సు లేదు. స్కూటీ మీద ఇబ్రహీంపట్నం చౌరస్తా దాటేటప్పుడు పోలీసులు కనబడితే గుండె గుభేలుమంటుంది గానీ, మా చుట్టుపక్కల ఏ ఊరి చర్చిలో ప్రసంగ పీఠం మెట్టెక్కి నిలబడ్డా నన్ను దిగమనే మొనగాడు లేడు. ఈ లైసెన్సు ఎందుకు తీసుకున్నావని అడిగితే దేవుని పిలుపు అంటాను. ఆ మాట అన్నాక చర్చివాళ్ళు రెండో ప్రశ్న వేయరు. నిజానికి నన్ను పిలిచింది దేవుడు కాదు, మా మేనత్త. పిలవడం కూడా కాదు, పీక్కుతినడం.

మా నాన్నకు ఇద్దరు అక్కలు. పెద్దత్త మా వెనక వాడలో ఉండేది. చిన్నత్త, భర్త పోయాక మా ఇంటికి వచ్చేసింది. నన్ను ఎత్తుకుని పెంచింది ఆమే. నేను ‘అత్తా’ అంటే ఆమే, పెద్దామె ఎప్పుడూ ‘పెద్దత్త’. అక్కాచెల్లెళ్ళిద్దరూ ప్రతి క్రిస్మస్‌కు ఒకే రంగు చీర కొనుక్కునేవాళ్ళు. చర్చిలో ఒకే చాప మీద, ఒకే గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళు. పాట కూడా ఒకేచోట తప్పు పాడేవాళ్ళు. ఎవరు ఎవరో ఊరివాళ్ళకే ఒక్కోసారి తికమకగా ఉండేది. ఇక మా పాస్టరు అయ్యగారికి ఎలా తెలుస్తుంది? పాపం ఆయన ఒక్క మనిషి, ఇటు మా ఊరి నుంచి అటు మహేశ్వరం దాకా చెల్లాచెదురుగా ఉన్న చర్చిలన్నీ ఆయన నెత్తినే. ఆదివారం పొద్దున ఒక ఊళ్ళో ఆరాధన, మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో బాప్తిస్మం, సాయంత్రం మూడో ఊళ్ళో కొత్త ఇంటి ప్రార్థన. మధ్యలో ఎక్కడ తిన్నాడో, ఏం తిన్నాడో ఆయనకే గుర్తుండదు.

పెద్దత్త పోయిన రోజు ఆయన అలాగే ఉరుకులు పరుగుల మీద వచ్చారు. సమాధుల తోటలో గుంత దగ్గర నిలబడి పుస్తకం తెరిచారు. “మన ప్రియ సహోదరి” అని, పేరు దగ్గరికి వచ్చేసరికి, పెట్టెలో ఉన్న పెద్దత్త పేరుకు బదులు బతికున్న చిన్నత్త పేరు చెప్పారు.

చిన్నత్త గుంతకు ఆ పక్కనే నిలబడి ఏడుస్తోంది. రేషన్ షాపులో పిలిచారనుకుందో ఏమో, పేరు వినబడగానే నోట్లో కుక్కుకున్న కొంగు తీసి, “అవ్, ఈడనే ఉన్న” అంది.

ఎవరూ నవ్వలేదు. ప్రార్థన మధ్యలో అయ్యగారిని ఆపే అలవాటు మాకు లేదు, కాబట్టి ఎవరూ సరిదిద్దనూ లేదు. ఆయన చిన్నత్తను మన్నుకు మన్నుగా అప్పగించి, పునరుత్థాన నిరీక్షణ కూడా ఇచ్చి, పుస్తకం మూశారు. పిడికిట్లో మట్టి పట్టుకున్న జనం గుంత వైపు ఒకసారి, చిన్నత్త వైపు ఒకసారి చూశారు. ఆఖరికి మా చర్చి సెక్రటరీ మామ గుంతలో వేశాడు కాబట్టి అందరూ అందులోనే వేశారు.

ఇంటికొచ్చాక అత్త అన్నం ముట్టలేదు. అక్క పోయిన దుఃఖం అనుకున్నాను. దుఃఖం ఉంది, కాకపోతే దానికి తోడు ఇంకోటి పట్టుకుంది.

“నా పేరు మీద అక్క పోయింది” అంది. “పైన ఆడ నా పేరు ఎక్కిచ్చుకున్నరు. రేపు నేను పోతే, నువ్వు ఎప్పుడో వచ్చినవ్ గదనే అని దర్వాజ కాడనే నిలవెడ్తరు.”

“అట్ల నిలవెడ్తరా అత్తా. దేవునికి మనుషులు తెల్వరా?”

“మనుషులు తెల్సు. పేరు మనం చెప్పాలె.”

“మరి పెద్దత్త?”

“గదే నా ఫికర్. అక్కను ఎవలు పిలిచిండ్రు? పిలువంది లోపటికి పోయే మనిషి కాదది. పెండ్లిళ్ళల్ల సుత పిలువంది బంతిల కూసోకపోయేది. బయటనే నిలవడి ఉంటది.” అని మళ్ళీ ఏడ్చింది.

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అయ్యగారికి సంగతి తెలిసి చాలా బాధపడ్డారు. సమాధి దగ్గరికి పోయి మళ్ళీ ప్రార్థన చేస్తానన్నారు. సెక్రటరీ మామ ఒప్పుకోలేదు. ఆయన మండలాఫీసులో ఫైళ్ళు మోసి మోసి రిటైరైన మనిషి. ఆయనకు దేవుని మీద భక్తి ఉంది, రూలు మీద భయభక్తులున్నాయి. “శవం లేంది భూస్థాపన ఉండదు. ఒక్క మనిషికి రెండుసార్లు చేస్తే పై ఆఫీసోళ్ళు అడుగుతరు” అని తేల్చేశాడు. ఏ పై ఆఫీసు అని నేను అడగలేదు.

అత్త కూడా ఒక తీర్మానం చేసింది. “నన్ను ఒకసారి పూడ్చిండు. రెండోసారి గాయన చేతుల పడను. నా మన్ను నువ్వెయ్యాలె, నా పేరు నువ్వు చెప్పాలె.”

నేను ఒక ఇంజనీరింగు కాలేజీ లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు అంటించే మనిషిని. అయ్యగారు రాని ఆదివారాల్లో వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పేదాన్ని, అంతే. ఆ నాలుగు మాటలకే సెక్రటరీ మామతో తల ప్రాణం తోకకొచ్చేది. మా చర్చిలో ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. లైసెన్సు లేనివాళ్ళు నేల మీద నిలబడే మాట్లాడాలి. నేల మీద నిలబడి చెప్తే సాక్ష్యం, మెట్టెక్కి చెప్తే ప్రసంగం. అవే మాటలు, అదే నోరు, అదే గంటసేపు. తేడా అంతా కాళ్ళ కింద ఉంది.

నేనేమో పొట్టిదాన్ని. నేల మీద, బైబిలు పెట్టే స్టాండు వెనక నిలబడితే జనానికి గొంతూ సగం మొహమూ తప్ప మనిషిని కనబడను. ఒక ఆదివారం అత్త ఇంటినుంచి వంటపీట తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టింది. ఎక్కాను. మొదటి మాట నోట్లోంచి రాకముందే సెక్రటరీ మామ లేచాడు.

“బిడ్డా, పీట మీద చెప్తే గది ప్రసంగమే అయితది.”

“పీట నేల మీదనే ఉంది గదా మామా.”

“నువ్వు నేల మీద లేవు గదా.”

“జానెడు లేదు గదరా తమ్మీ పీట” అంది అత్త చాప మీది నుంచి.

“మెట్టు సుత జానెడే అక్కా” అన్నాడు మామ. సంఘమంతా అరగంట సేపు ఎంత ఎత్తు నుంచి ప్రసంగం మొదలవుతుందో వాదించుకుంది. ఆ పూట వాక్యం చెప్పడానికి టైము చాలలేదు. పాట పాడి ఇళ్ళకు పోయాం.

అందుకే అయ్యగారు లే ప్రీచర్ పరీక్షకు, అంటే మామూలు విశ్వాసులకు సేవ చేయడానికి లైసెన్సు ఇచ్చే పరీక్షకు ఎవరైనా కూర్చుంటారా అని అడిగినప్పుడు, నేను ఆలోచించేలోపే అత్త నా చెయ్యి పట్టి పైకెత్తింది. లైసెన్సు ఉంటే భూస్థాపన కూడా చేయొచ్చని ఎవరో ఆమె చెవిలో వేశారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ సాయంత్రమే పెట్టెలో కట్టాల్సిన చీర తీసి నాకు చూపించింది. అక్కాచెల్లెళ్ళు కలిసి కొన్న ఆఖరి క్రిస్మస్ చీర.

పరీక్షకు పుస్తకాలు చదవడం నాకు కష్టం కాలేదు. కష్టమంతా భూస్థాపన క్రమం చేసి చూపించడంలో ఉంది. దానికి శవం కావాలి కదా. అత్త నులక మంచం మీద పడుకుని, చేతులు రొమ్ము మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుంది.

“షురూ చెయ్యి” అంది.

“అత్తా, శవం మాట్లాడదు.”

“సరే. జర నిమ్మళంగ చదువు. ఉరుకకు, బస్సుకు టైమైనట్టు.”

నేను పుస్తకం పట్టుకుని మంచం తలాపున నిలబడి చదివేదాన్ని. పక్కింటివాళ్ళు పెరుగు కోసం వచ్చి, మమ్మల్ని చూసి, గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయిన రోజులున్నాయి. అంతా బాగానే సాగేది. పేరు దగ్గరికి వచ్చేసరికి నాలుక మడత పడేది. “మన ప్రియ సహోదరి... అత్త” అనేదాన్ని.

ఒక కన్ను తెరుచుకునేది. “అత్త ఏందే? ఊర్ల ఎందరు అత్తలున్నరు. ఏ అత్త అని సమజ్ చేసుకోవాలె ఆడ? పేరు చెప్పు.”

“పెద్దోళ్ళ పేరు ఎట్ల చెప్పాలె?”

“నోటితోని.”

నవ్వకండి. చిన్నప్పుడు బడిలో ఎవరి ఇంట్లో ఉంటావంటే మా అత్త అన్నాను. కాలేజీలో, బ్యాంకులో, ఆధార్ సెంటర్లో, దవాఖానలో ఎక్కడైనా కాగితం మీద ఆమె పేరు రాసి ఇచ్చాను గానీ నోటితో అనలేదు. పెద్దవాళ్ళ పేరు ఎత్తితే ఆయుష్షు తరుగుతుందని నాకు నేర్పింది కూడా ఆమే. ఇప్పుడేమో ఆమే పడుకుని, నా పేరు చెప్పు, గట్టిగ చెప్పు అంటోంది. నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు పుస్తకం మంచం మీద పడేసి, “నీకు సావనీకి అంత తొందరైతే అయ్యగారినే పిలుచుకో” అన్నాను.

అత్త లేచి కూర్చుంది. కోపం లేదు. “తొందర లేదు బిడ్డా. నువ్వు నేర్సుకున్నంక పోత” అంది.

ఆ మాటతో నాకు చదువు మీద ఆసక్తి సగం చచ్చిపోయింది. నేర్చుకోకపోతే ఉంటుంది కదా అనిపించింది. అయినా పరీక్ష తేదీ వచ్చింది.

హైదరాబాదు ఆఫీసులో పరీక్ష చేసేవాళ్ళు ముగ్గురు పెద్ద అయ్యగార్లు. త్రిత్వం గురించి అడుగుతారని రాత్రింబగళ్ళు చదివి పోయాను. మొదటి ప్రశ్న, బండి ఉందా అని. స్కూటీ ఉందన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎంతో తృప్తిగా తలూపారు. లైసెన్సు ఉందా అని అడగలేదు, నేనూ చెప్పలేదు. తర్వాత భూస్థాపన చేసి చూపించమన్నారు. శవం ఏదంటే, ఒకాయన తన టిఫిన్ సంచి తీసి బల్ల మీద పడుకోబెట్టారు.

“ఇది మరణించిన విశ్వాసి అనుకో అమ్మా” అన్నారు.

నేను తలాపు ఎటువైపో చూసుకుని నిలబడ్డాను. మాగాయ వాసన వస్తోంది. అలవాటుగా చదువుకుంటూ పోయి, “మన ప్రియ సహోదరి అత్త” అన్నాను.

“ఎవరి అత్త?” అని అడిగారు సంచి అయ్యగారు.

“మా అత్త.”

“ఎప్పుడు చనిపోయారు?”

“చనిపోలేదండి. ఇంటి దగ్గర ఎదురుచూస్తోంది.”

దేనికోసం అని ఎవరూ అడగలేదు. పాస్ చేశారు. మా వైపు ఊళ్ళకు స్కూటీ ఉన్న మనిషి దొరకడం కష్టం.

కొన్ని నెలలు గడిచాక లైసెన్సు వచ్చింది. సెక్రటరీ మామ దాన్ని చర్చిలో నిలబడి మొదటినుంచి చివరిదాకా, సంతకం కింది హోదాతో సహా చదివాడు. ప్రసంగం చేయొచ్చు, ప్రార్థన కూటాలు నడపొచ్చు, ఇళ్ళలో ఓదార్పు మాటలు చెప్పొచ్చు. “భూస్థాపన కార్యక్రమం మాత్రం అయ్యగారి సమక్షంలోనే జరిపించవలెను” అని ఆఖర్న ఉంది. అత్త చెంప మీద చెయ్యి వేసుకుంది.

“మల్ల గాయననే పిలువాలెనా?” అంది.

“ఆయన ఊకె నిలవడ్తడు అక్కా. పిల్ల చదువుతది” అన్నాడు మామ.

“నోరు తెరువద్దు మరి. ముందే చెప్తున్న.”

ఆ ఆదివారం నేను దర్జాగా మెట్టెక్కి ప్రసంగ పీఠం వెనక నిలబడ్డాను. ఆ పీఠం ఎవరో ఆజానుబాహువు కోసం చేయించింది. దాని వెనక నా నెత్తి మీది కొంగు కూడా ఎవరికీ కనబడలేదట. నేల మీద ఉన్నప్పుడే నయం, గొంతుతో పాటు సగం మొహమైనా కనబడేది అన్నారు. అత్త మళ్ళీ పీట తెచ్చింది. సెక్రటరీ మామ లైసెన్సు కాగితం ముందూ వెనకా తిప్పి చూశాడు. మెట్టు మీద పీట వేయకూడదని ఎక్కడా లేకపోవడంతో చాలా అసంతృప్తిగా కూర్చున్నాడు. నేను పీటెక్కి చెప్పాను. అత్త మొదటినుంచి చివరిదాకా కళ్ళు తుడుచుకుంటూ విన్నది. ఏం చెప్పానని సాయంత్రం అడిగితే, “మస్తు కనవడ్డవ్” అంది.

చలికాలం వెళ్తుండగా ఆమెకు ఒంట్లో బాగాలేకుండా పోయింది. ఇబ్రహీంపట్నం దవాఖానలో చూపించాం. డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఇంట్లో మంచం మీద పడుకున్నాక నా వైపు చూసి, “ఒకపారి చదువు” అంది. చదవనన్నాను. “పేరన్న చెప్పు, విందం” అంది. నేను గంజి గిన్నె పట్టుకుని బయటికి వచ్చేశాను. ఆ మాట నా నోటివెంట వస్తే ఆమె ఇక ఉండదన్న భయం నాకు. చెప్పకపోయినా ఉండలేదు. మర్నాడు మధ్యాహ్నం, నేను చెంచాతో నీళ్ళు పోస్తుండగానే పోయింది.

ఆ తరువాతి రోజు భూస్థాపన. మా సమాధుల తోట చుట్టూ ఇప్పుడు ప్లాట్ల వెంచరు. నాలుగు దిక్కులా రంగుల జెండాలు, తెల్లరాళ్ళు. పెద్దత్త పక్కనే గుంత తీశారు. అత్తకు ఆ క్రిస్మస్ చీరే కట్టాం. అంతా తయారుగా ఉంది, అయ్యగారు తప్ప. ఆయన మీర్‌పేట్‌లో ఎవరిదో పెళ్ళి ముగించి బయలుదేరి, సాగర్ రోడ్డు మీద లారీ బోల్తాపడితే ట్రాఫిక్‌లో చిక్కుకున్నారు. ఎండ నడినెత్తికొచ్చింది. ఆడవాళ్ళు పెట్టె మీద గొడుగు పట్టారు.

నేను సెక్రటరీ మామ దగ్గరికి వెళ్ళాను. “మామా, కాగితం సంగతి నాకు తెల్వది. నేను చదువుత. ఆపుతవా?”

ఆయన ఆపుతాడనే అనుకున్నాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. పెట్టె వైపు చూశాడు. “సమక్షం అంటే కండ్ల ముంగట ఉండుడు. వీడియో కాల్‌ల కండ్లు గనవడ్తయి గదా” అన్నాడు. జీవితంలో ఆయన రూలును వంచడం అదొక్కసారే చూశాను. వంచినా, విరగకుండా వంచాడు.

కింద సిగ్నలు లేదు. మామ వెంచరువాళ్ళ ప్రహరీ మీదికెక్కి, ఫోను రెండు చేతులతో పట్టుకుని గుంత వైపు తిప్పాడు. ప్లాట్లమ్మే మనిషి ఒకడు పరిగెత్తుకొచ్చి, ఫేసింగు చూస్తున్నారా సార్ అని అడిగాడు. ఊకోమన్నాం. ఫోనులో అయ్యగారి మొహం, వెనక లారీ చక్రం కనబడ్డాయి. హారన్లు వినబడుతున్నాయి. “కానియ్యమ్మా, నేను ఉన్నా” అన్నారు ఆయన.

పుస్తకం తెరిచాను. నిమ్మళంగా చదివాను, బస్సుకు టైమైనట్టు కాకుండా. “మన ప్రియ సహోదరి” దాకా వచ్చాను. ఆగిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ అక్కడే ఆగాను. జనం కదలకుండా చూస్తున్నారు.

నేను మరిచిపోయాననుకున్నారు అయ్యగారు. గోడ మీది నుంచి, ఫోనులోంచి, అందించబోయారు. పెద్ద గొంతుతో పెద్దత్త పేరు చెప్పారు. ఆ పేరు సమాధుల తోటంతా వినబడింది. ఆ వెంటనే సిగ్నలు పోయి ఆయన మొహం నోరు తెరిచినట్టే నిలిచిపోయింది.

ఆడవాళ్ళలో గుసగుస లేచింది, మళ్ళీ తప్పు చెప్పిండని. నాకు మాత్రం కోపం రాలేదు. పక్కనున్న పెద్దత్త సమాధి వైపు చూశాను. ఇన్నాళ్ళకు ఆమెను ఎవరో పేరు పెట్టి పిలిచారు. ఇక లోపలికి పోతుంది. అత్త ఉంటే ఆ మాటే అనేది, కొంచెం తిట్టి అనేది.

తర్వాత నేను అత్త పేరు చెప్పాను. నా నోటితో మొదటిసారి. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. గోడ మీద మామ ఉలిక్కిపడి ఫోను జారవిడవబోయాడు.

వంగి పిడికెడు మట్టి తీసుకున్నాను. వేయకుండా కాసేపు ఆగాను. పిలిస్తే పలికే మనిషి కదా. “అవ్, ఈడనే ఉన్న” అని ఈసారి ఎవరూ అనలేదు.